పోపుల డబ్బాలో సౌరకుటుంబం

ఒక శనివారం పొద్దున మా మేనకోడలిని తీసుకుని గుడికి వెళ్లాను. దానికి ఏడేళ్లు. నవగ్రహాల మండపం చుట్టూ తిరుగుతూ ఒక్కో విగ్రహాన్నీ వేలితో లెక్కపెట్టింది. తొమ్మిది తేలాయి. "అత్తా, మా బుక్కులో ఎనిమిదే ఉన్నాయి" అంది. "మా చిన్నప్పుడు మా బుక్కులోనూ తొమ్మిదే ఉండేవి" అన్నాను. అనకుండా ఉండాల్సింది. గుడిలో తొమ్మిది, నా పుస్తకంలో తొమ్మిది, దాని పుస్తకంలో ఎనిమిది అయ్యాయి. పైగా గుడి తొమ్మిదీ, నా తొమ్మిదీ ఒకటి కావు. అది ఇంకో ప్రదక్షిణ చేసి వచ్చి అసలు ప్రశ్న వేసింది: "వీళ్లలో భూమి ఏది?"

ప్రసాదం చేతిలో పెట్టి అప్పటికి గండం గట్టెక్కాను. కానీ గ్రహాల గురించి పిల్లలకు చెప్పడంలో ఉన్న చిక్కంతా ఆ మండపం దగ్గరే బయటపడిందని తర్వాత అర్థమైంది. మనం సాధారణంగా ఏం చేస్తాం? చార్ట్ కొని గోడకు అంటిస్తాం. పేర్లు వరుసగా బట్టీ పట్టిస్తాం. బళ్లో ప్రాజెక్ట్ వర్క్ ఇస్తే రాత్రి పదకొండింటికి తల్లి కూర్చుని థర్మాకోల్ బంతులకు రంగులేస్తుంది, పిల్ల పక్కనే నిద్రపోతుంది. ఇదంతా పిల్ల బుర్ర ఖాళీ పలక అనుకుని చేసే పని. ఆ బుర్రలో అప్పటికే బోలెడంత ఉంది. కంటికి కనిపించినది ఉంది: నేల బల్లపరుపుగా ఉంది, సూర్యుడు కదులుతున్నాడు. ఇంట్లో విన్నది ఉంది: శని, రాహువు, గ్రహణం, చందమామ. మనం చెప్పే కొత్త సంగతి వీటి మధ్యకే వెళ్లి సర్దుకోవాలి. అది అక్కడ ఎలా సర్దుకుంటోందో చూడకుండా పేర్లు అప్పజెప్పించుకుంటే ఏమీ తెలియదు.

ముందు గుడి తొమ్మిది, దాని పుస్తకంలో ఎనిమిది సంగతి చూద్దాం.

గుడిలో ఉన్నవి సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. పుస్తకంలో ఉన్నవి బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. రెంటిలోనూ ఉన్నవి అయిదే. ఇక్కడ పెద్దవాళ్లు రెండు తప్పులు చేస్తారు. కొందరు "అదంతా మూఢనమ్మకం, పుస్తకంలోదే నిజం" అని కొట్టిపారేసి, పిల్లను నానమ్మ మీదికి ఉసిగొల్పుతారు. ఇంకొందరు "మనవాళ్లకు ఎప్పుడో అన్నీ తెలుసు" అని రెంటినీ కలిపేస్తారు. యురేనస్ దొరికింది 1781లో, నెప్ట్యూన్ 1846లో, రెండూ టెలిస్కోపుతోనే. వాటిని మండపంలో వెతకడం అనవసరం.

నాకు పనికొచ్చిన మాట ఇది: అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. "ఇక్కడ నిలబడి చూస్తే, చుక్కల మధ్య చోటు మారేవి ఏవి?" అన్నది పాత ప్రశ్న. రాత్రి ఆకాశంలో చుక్కలన్నీ ఒకదానికొకటి అదే దూరంలో ఉంటూ కలిసికట్టుగా కదులుతాయి. వాటి మధ్య ఏడు మాత్రం తమ దారిన తాము నడుస్తాయి: సూర్యుడు, చంద్రుడు, కంటికి కనిపించే ఆ అయిదూ. గ్రీకులకూ జాబితా ఇదే. వాళ్ల భాషలో ప్లానెట్ అంటే తిరుగాడేది అని అర్థం. ఆ లెక్కలో సూర్యుడు కూడా తిరుగాడేవాడే. మరి భూమి? చూసేవాడు నిలబడిన చోటు కాబట్టి అది జాబితాలోకి రాలేదు. "సూర్యుడి చుట్టూ తిరిగేవి ఏవి?" అన్నది కొత్త ప్రశ్న. ప్రశ్న మారగానే సూర్యుడు జాబితాలోంచి తప్పుకుని మధ్యలో కూర్చున్నాడు. చంద్రుడు భూమి వెంట పోయాడు. భూమి వచ్చి వరుసలో నిలబడింది. ఏడేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుందా అంటే, అవుతుంది. "మన ఇంట్లో ఎంతమంది అని నువ్వు లెక్కపెడితే నిన్ను నువ్వు మర్చిపోతావు చూడు, అలా" అంటే మా పిల్ల నవ్వింది.

పాత జాబితా పిల్లలకు అప్పటికే నోటికి వచ్చని మనం గమనించం. ఆదివారం సూర్యుడిది, సోమవారం చంద్రుడిది, మంగళవారం కుజుడిది. పల్లెల్లో గురువారాన్ని బేస్తవారం అంటారే, అది బృహస్పతి వారమే, నోట్లో నలిగి అలా అయింది. వారాల పేర్లు తెలిసిన పిల్లకు అయిదు గ్రహాలు వచ్చేసినట్టే. అక్కడి నుంచి మొదలుపెడితే కొత్తగా నేర్చుకోవాల్సిన పేర్లు యురేనస్, నెప్ట్యూన్ రెండే. వాటికి తెలుగు పేర్లు వెతికి అవస్థ పడొద్దని నా సలహా. హిందీ పుస్తకాల్లో యురేనస్ అరుణుడు, నెప్ట్యూన్ వరుణుడు. తెలుగులో కొన్నిచోట్ల యురేనస్‌నే వరుణుడు అంటారు. పిల్ల ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ చదువుతుంటే ఇద్దరు వరుణులు తయారవుతారు.

పెద్దవాళ్ల కోసం ఒక చిన్న పక్కదారి. వారాల వరుస అలా ఎందుకు వచ్చింది? ఆకాశంలో నెమ్మదిగా నడిచేవాటి నుంచి వేగంగా నడిచేవాటి దాకా పేరిస్తే శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వస్తుంది. రోజుకున్న 24 గంటలను ఇదే వరుసలో పంచుకుంటూ పోండి. శనివారం మొదటి గంట శనిదైతే మర్నాడు మొదటి గంట సూర్యుడికి వస్తుంది, ఆ మర్నాడు చంద్రుడికి. హోర అంటే ఇదే. ఇక శని నడక. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి సుమారు రెండున్నర ఏళ్లు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఎందుకో ఇప్పుడు లెక్క తేలుతుంది: మూడు రాశులు, మూడు రెండున్నరలు. ఫలితాలను నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. ఆ ఏడున్నర మాత్రం ఆకాశాన్ని చూసి కట్టిన అంకె.

రాహుకేతువుల దగ్గర పిల్లలు ఆగుతారు, ఎందుకంటే అక్కడ కథ ఉంది. కథ చెప్పండి, ఆపకండి. తర్వాత ఎప్పుడైనా ఈ సంగతి కలపొచ్చు: ఆకాశంలో సూర్యుడు నడిచే దారి ఒకటి, చంద్రుడు నడిచే దారి ఇంకొకటి. రెంటికీ మధ్య 5 డిగ్రీల వాలు ఉంది, కాబట్టి అవి రెండు చోట్ల మాత్రమే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ రెండు చోట్లే లెక్కల్లో రాహువు, కేతువు. జాతకంలో వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎదురెదురుగానే ఉండటానికి కారణం అదే. అమావాస్య ఆ చోట్ల దగ్గర పడితే సూర్యగ్రహణం, పౌర్ణమి పడితే చంద్రగ్రహణం. దూరంగా పడితే ఏమీ ఉండదు, అందుకే ప్రతి అమావాస్యకూ గ్రహణం రాదు. గ్రహణాలు నీడల ఆటేనని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాశాడు. కదిలే పడవలో కూర్చున్నవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి వెళ్తున్నట్టు ఎలా అనిపిస్తాయో, కదలని చుక్కలు మనకు పడమటికి వెళ్తున్నట్టు అలా కనిపిస్తాయని కూడా ఆయనే చెప్పాడు. పడవ ఎక్కని పిల్లకు బస్సు కిటికీ చాలు.

ఇక నా తొమ్మిది. నా తొమ్మిదో గ్రహం ప్లూటో. 1930లో అమెరికాలో క్లైడ్ టాంబా కనిపెట్టాడు. ఆ పేరు సూచించింది ఇంగ్లండులో పదకొండేళ్ల పిల్ల, వెనీషియా బర్నీ. ఈ ముక్క చెప్తే పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారు. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశమై గ్రహం అంటే ఏమిటో నిర్వచించింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుతో తానే గుండ్రబడేంత పెద్దదై ఉండాలి, తన దారిలో తానే పెద్ద దిక్కై చుట్టుపక్కల చిల్లర రాళ్లను ఊడ్చేసి ఉండాలి. మూడోది ప్లూటోకు కుదరలేదు. దాని అడ్డుకొలత 2,377 కిలోమీటర్లు, మన చంద్రుడికంటే చిన్నది. పైగా 2005లో ఎరిస్ అని దాదాపు అంతే ఉన్న ఇంకోటి దొరికింది. ప్లూటోను ఉంచితే దాన్నీ చేర్చుకోవాలి, రేపు ఇంకొన్నిటినీ చేర్చుకోవాలి. ఇలాంటిది అదే మొదటిసారీ కాదు. 1801లో దొరికిన సెరిస్‌ను కూడా కొన్ని దశాబ్దాలు గ్రహమనే పిలిచి, అలాంటివి బోలెడు దొరికాక పక్కన పెట్టారు.

పిల్లలు దీన్ని శిక్షలా తీసుకుంటారు. "ప్లూటోను ఎందుకు తీసేశారు, పాపం" అంటారు. దాన్ని ఎవరూ తీసేయలేదు, అది ఎక్కడ తిరిగేదో అక్కడే తిరుగుతోంది. మనం అర మార్చాం, అంతే. మా ఇంట్లో దీనికి పప్పులు పనికొచ్చాయి. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, ఉలవలు, నువ్వులు ఓ పళ్లెంలో కలిపేసి "సర్దు" అన్నాను. మొదట రంగును బట్టి సర్దింది. తర్వాత సైజును బట్టి. రెండుసార్లూ గుంపుల సంఖ్య వేరుగా వచ్చింది. "ఏది కరెక్టు?" అని తనే అడిగింది. ప్లూటో గురించి అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇదే కారణం వల్ల ఉపగ్రహాల లెక్కలు బట్టీ పట్టించడం నాకు నచ్చదు. 2025 మార్చిలో శనికి ఒక్కసారే 128 కొత్త చంద్రులను గుర్తించారు, మొత్తం 274 అయ్యాయి. పోటీ పరీక్షల పుస్తకాలు అచ్చయ్యేలోపే పాతబడతాయి. ఆరేళ్ల పిల్లకు ఆ టెన్షన్ ఎందుకు?

అన్నిటికంటే కష్టమైనది గ్రహాల పేర్లు కాదు, భూమే. "భూమి ఎలా ఉంటుంది?" అంటే యూకేజీ పిల్ల కూడా "గుండ్రంగా" అంటుంది. మనం సంతోషపడి వదిలేస్తాం. స్టెల్లా వోస్నియాడూ, విలియం బ్రూవర్ అనే ఇద్దరు పరిశోధకులు అలా వదిలేయలేదు. 1992లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో అమెరికాలోని 60 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలను ఇంకాస్త తవ్వి అడిగారు. రోజుల తరబడి తిన్నగా నడుచుకుంటూ పోతే ఎక్కడికి చేరతావు? భూమికి అంచు ఉందా? అక్కడి నుంచి పడిపోతావా? అప్పుడు బయటపడ్డాయి పిల్లల అసలు భూములు. ఒకరికి భూమి పళ్లెంలా గుండ్రం. ఒకరికి రెండు భూములున్నాయి: మనం నిలబడిన బల్లపరుపు నేల ఒకటి, ఆకాశంలో ఎక్కడో ఉండే గుండ్రటి "భూమి" ఇంకొకటి. ఇంకొందరికి భూమి బోలు బంతి, మనం దాని లోపల అడుగున బల్లపరుపుగా ఉన్న చోట ఉన్నాం, పైన కప్పు ఆకాశం. నాకు ఈ బోలు బంతి మహా ఇష్టం. పిల్ల ఎంత నిజాయితీగా రాజీ కుదిర్చిందో చూడండి. టీచర్ చెప్పిన గుండ్రమూ పోలేదు, కళ్లు చూపించిన సమతలమూ పోలేదు. తర్వాత మన దేశపు పిల్లలతో చేసిన ఇలాంటి అధ్యయనంలో భూమి నీళ్ల మీద తేలుతోందన్న పిల్లలు చాలామంది కనిపించారు. సముద్రాలూ శేషుడూ కూర్మమూ ఉన్న కథల మధ్య పెరిగేవాళ్లు మరి.

కాబట్టి "గుండ్రంగా" అన్న జవాబు రాగానే ఆగకండి. "సరే, అందులో మనం ఎక్కడున్నాం?" అని అడగండి. బొమ్మ గీయమనండి, మనిషిని పెట్టమనండి, ఇంకో మనిషిని కింది వైపు పెట్టమనండి. వాన ఎటు పడుతుందో గీయమనండి. మా పిల్ల కింద పెట్టిన మనిషి తలకిందులుగా వేలాడుతూ ఉన్నాడు, వాడి వాన వాడి కాళ్ల దగ్గర నుంచి కాగితం కిందికి కారిపోయింది. అసలు చిక్కు భూమి ఆకారంలో లేదు, "కింద" అన్న మాటలో ఉంది. కింద అంటే కాగితం కింది అంచు కాదు, భూమి నడిబొడ్డు వైపు. ఇది ఒక్కరోజులో దిగే మాట కాదు. జామకాయ తీసుకుని చుట్టూ అగ్గిపుల్లలు గుచ్చాం, తలలన్నీ బయటికి. "అందరి కాళ్లూ ఎటున్నాయి?" "కాయ లోపలికి." "అదే కింద." కాయను ఎటు తిప్పినా ఏ పుల్లా రాలలేదు. అయస్కాంతం, జిగురు అని పోలికలు చెప్పకపోవడమే మంచిదనిపించింది, తర్వాత వాటిని వదిలించడం ఇంకో పని.

ఈ విషయంలో మన ఇళ్లలో ఒక వసతి ఉంది. డాలస్‌లో మా అన్నయ్య స్నేహితుడి కుటుంబం ఉంది. మనకు పొద్దున టిఫిన్ల వేళ వాళ్లకు వీడియో కాల్ చేస్తే అక్కడ కిటికీలో చీకటి. టార్చ్ లైటు, బంతి తర్వాత తీసుకోవచ్చు. ముందు ఆ కిటికీ చూపించండి. ఇక్కడ ఎండ ఉండగా అక్కడ రాత్రి ఎలా అయిందన్న ప్రశ్న పిల్లకు తానే పుట్టాలి. ఆ తర్వాత చీకటి గదిలో బంతి మీద టార్చ్ వేసి, బంతిపై హైదరాబాదుకో బొట్టు, డాలస్‌కో బొట్టు పెట్టి తిప్పితే అది జవాబు అవుతుంది. ప్రశ్న పుట్టకముందు చేస్తే టార్చ్ ఆటగా మిగులుతుంది.

రుతువుల సంగతికి వస్తే, నాకు తెలిసిన పెద్దవాళ్లలో సగం మంది ఇప్పటికీ ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందనే అనుకుంటారు. చార్టులో కోడిగుడ్డు ఆకారపు దారి చూసిన ఫలితం అది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, దాదాపు 14.71 కోట్ల కిలోమీటర్లు. అంటే భోగి మంటల ముందు చలికి వణుకుతూ కూర్చుంటామే, దానికి ఓ పది రోజుల ముందే! అతి దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, 15.21 కోట్ల కిలోమీటర్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే వేళకు మనం సూర్యుడి నుంచి దూరం జరుగుతూ ఉంటాం. మెల్‌బోర్న్‌లో ఉన్న బంధువులకు సంక్రాంతి నడి వేసవిలో వస్తుంది. అదే భూమి, అదే దూరం, అక్కడ ఫ్యాను, ఇక్కడ దుప్పటి. ఈ ఒక్క పోలికతో దూరం కథ కూలిపోతుంది. అసలు కారణం భూమి 23న్నర డిగ్రీలు ఒరిగి ఉండటం. కానీ ఆ ఒరుగు తొమ్మిది, పదేళ్లు వచ్చేదాకా బొమ్మలో అర్థం కావడం కష్టం, తొందరపెట్టకండి. అంతకుముందు చేయదగింది నీడ కొలవడం. వాకిట్లో కర్ర పాతి మధ్యాహ్నం నీడ చివర సుద్దముక్కతో గీత గీయండి, నెలకోసారి. మన రెండు రాష్ట్రాలూ కర్కాటక రేఖకు దక్షిణానే ఉన్నాయి కాబట్టి ప్రతి ఊళ్లోనూ ఏడాదికి రెండు రోజులు ఆ నీడ పూర్తిగా మాయమవుతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో, మధ్యాహ్నం 12 దాటాక పావుగంట అటూ ఇటూగా. తిరుపతిలో ఏప్రిల్ చివర్లోనే. నిటారుగా నిలబెట్టిన గ్లాసుకు నీడ లేకపోవడం చూసిన పిల్ల దాన్ని మర్చిపోదు.

చందమామ దగ్గర మనం అందరం గోరుముద్దలతో మొదలుపెట్టి, తర్వాత వదిలేస్తాం. నిజానికి చిన్నపిల్లల ఖగోళశాస్త్రం అంతా ఆయనతోనే నడపొచ్చు. గోడమీద తిథులున్న క్యాలెండర్ ఉంటే చాలు. ఒక నెల రోజులు రోజూ ఒక గుండ్రం గీసి అందులో కనిపించినంత ముక్కకు రంగు వేయమనండి. చంద్రుడు పగలు కనిపించడని పిల్లల నమ్మకం, చాలామంది పెద్దవాళ్లదీ అదే. పౌర్ణమి వెళ్లిన అయిదారు రోజులకు బడికి వెళ్లే వేళ పడమటి వైపు చూపించండి, తెల్లగా వెలిసిపోయి ఉంటాడు. అప్పుడే చేయాల్సిన ఒక పని ఉంది. ఎండలో నిలబడి, ఒక నిమ్మకాయను చేతిలో పట్టుకుని చంద్రుడి వైపు, చంద్రుడి పక్కనే కనిపించేలా చాచండి. నిమ్మకాయ మీద ఎండ ఎంత ముక్కకు పడిందో, చంద్రుడి మీదా సరిగ్గా అంతే ముక్క వెలుగుతూ ఉంటుంది. మా అన్నయ్య ఇంజినీరు, చంద్రుడు తరగడానికి భూమి నీడ కారణమని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాడు. నిమ్మకాయ చూశాక కాసేపు మాట్లాడలేదు. భూమి నీడ చంద్రుడి మీద పడితే అది గ్రహణం. రోజువారీ తరగడం, పెరగడం మనం ఏ పక్క నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ నేరుగా చూడొద్దని ప్రతిసారీ చెప్పాలి, విసుగొచ్చినా సరే.

గ్రహాలను కూడా కాగితం మీదకంటే ముందు ఆకాశంలో చూపించడం మేలు. వేగుచుక్క అంటే శుక్రుడేనని, అది చుక్క కాదని చెప్పినప్పుడు మా అమ్మే ఆశ్చర్యపోయింది. ఏ నెలలో ఏది ఎటు కనిపిస్తుందో ఫోన్లో స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్ పెట్టుకుంటే తెలుస్తుంది. హైదరాబాదు వస్తే నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం ఉండనే ఉంది, 1985 నుంచీ. అయితే అది మేడ మీది ఆకాశానికి బదులు కాదు.

ఇప్పుడు చార్ట్. నాకు దాని మీద ఉన్న కోపం ఇంతవరకు దాచుకున్నాను. చార్ట్ అబద్ధం చెబుతుంది, తప్పక చెబుతుంది. గ్రహాల సైజులు నిజంగా వేస్తే దూరాలు కాగితంలో పట్టవు, దూరాలు నిజంగా వేస్తే గ్రహాలు కనిపించవు. అందుకని రెంటినీ నొక్కి, లాగి ఒక కాగితంలో ఇరికిస్తారు. పిల్ల మనసులో గ్రహాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడిపోతాయి. దీనికి విరుగుడు పోపుల డబ్బాలో ఉంది.

లక్ష కిలోమీటర్లను ఒక సెంటీమీటరు అనుకోండి. సూర్యుడు 14 సెంటీమీటర్లు, ఒక పెద్ద కొబ్బరికాయ. బుధుడు అర మిల్లీమీటరు, బొంబాయి రవ్వలో ఒక పలుకు. శుక్రుడు, భూమి చెరో ఆవగింజ. కుజుడు ఒక గసగసం. గురుడు చిన్న గోళీ. శని, నానబెట్టిన పెద్ద కాబూలీ శనగ. యురేనస్, నెప్ట్యూన్ రెండు మిరియాలు. నవగ్రహాలకు నవధాన్యాలు పెట్టే అలవాటు మనది. శనికి నువ్వులు, గురుడికి శనగలు. ఆ లెక్కకూ ఈ కొలతకూ సంబంధం లేదని మా అమ్మకు ముందే చెప్పాల్సి వచ్చింది. ఒక్కో గింజనూ పాత పెళ్లి శుభలేఖ అట్టమీద పెట్టి, గమ్ము ఉన్నంతవరకు అంటించి, పేరు రాశాం. ఆదివారం పొద్దున ఆరింటికి, బళ్లు తిరగకముందు, వీధిలోకి వెళ్లాం.

కొబ్బరికాయ మా గేటు ముందు. బుధుడు దాదాపు 6 మీటర్ల దూరంలో, శుక్రుడు 11 మీటర్లలో, భూమి 15 మీటర్లలో. పిల్ల అడుగుల్లో ముప్పై. భూమి అట్టమీద, ఆవగింజకు దాదాపు నాలుగు సెంటీమీటర్ల పక్కన, చంద్రుడి కోసం ఇంకో రవ్వ పలుకు, బాగా సన్నది ఏరి పెట్టాం. మనుషులు ఎంత దూరం ప్రయాణించారూ అంటే ఆ రెండు వేళ్ల సందు. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగింది ఆ రవ్వ పలుకు మీదే. కుజుడు 23 మీటర్లు, పక్కింటి వేపచెట్టు. మంగళ్‌యాన్ పది నెలలకు పైగా ప్రయాణించి 2014 సెప్టెంబరు 24న చేరింది ఆ చెట్టుకింది గసగసానికి.

అక్కడి దాకా బాగానే ఉంది. గురుడికి గేటు నుంచి 78 మీటర్లు నడవాలి. "ఇంకా రాలేదా?" అని పిల్ల మొదటిసారి అడిగింది. ఆ ప్రశ్న కోసమే ఈ నడక. శని 143 మీటర్లు, టైలర్ షాపు. యురేనస్ 287, వాటర్ ట్యాంకు. నెప్ట్యూన్ 450 మీటర్లు, మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాపు. మధ్యలో ఏమీ లేదు. చార్ట్ దాచిపెట్టేది ఆ ఖాళీనే. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే కొబ్బరికాయ ఎక్కడుందో తెలియలేదు. ఇస్త్రీ బండి ఆయన "ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నాడు. "సూర్యుణ్ణి" అని పిల్ల చెప్పింది. ఆయన తూర్పు వైపు చేయి చూపించాడు.

తిరిగి వచ్చేటప్పుడు వెలుగు గురించి చెప్పాను. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుగు, మన వీధి కొలతలో సెకనుకు మూడు సెంటీమీటర్లు. అంటే చీమ నడక. కొబ్బరికాయ దగ్గర బయల్దేరిన చీమ ఆవగింజను చేరడానికి ఎనిమిది నిమిషాలకు పైనే, మెడికల్ షాపు మిరియాన్ని చేరడానికి నాలుగు గంటలకు పైనే పడుతుంది. "పక్క కొబ్బరికాయ ఎక్కడుంది?" అని అడిగింది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ఈ లెక్కలో దాదాపు 4,000 కిలోమీటర్లు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మన దేశం పొడవే 3,214. ఏమనుకుందో ఏమో, కాసేపు మౌనంగా నడిచింది.

గేటు దగ్గరికి వచ్చి అట్టలు ఏరుతుంటే బుధుడు లేడు. గమ్ము అక్కడికే అయిపోయి, ఆ అట్టమీద రవ్వ పలుకును ఉత్తినే పెట్టాం. అట్ట ఉంది, పేరు ఉంది, పలుకు లేదు. అట్ట మీంచి గోడవైపు చీమల బారు సాగుతోంది. పిల్ల వంగి వాటి వెంట చూస్తూ వెళ్లి, గోడ పగులు దగ్గర ఆగి, "అత్తా, వెలుగు బుధుణ్ణి తినేసింది" అంది.